మా నాన్న కోరిన పాట

దర్జీ వాళ్ళకి రేడియో అంటే ఎందుకంత ప్రాణమో మీరెప్పుడైనా ఆలోచించారా? చేతులు గుడ్డ మీద వుంటాయి, కాళ్ళు మిషను మీద వుంటాయి, కళ్ళు సూది మీద వుంటాయి. ఇక ఖాళీగా మిగిలేవి చెవులే! ఆ చెవుల కోసమే మా నాన్నగారు తెనాలి గంగానమ్మపేటలో తన కొట్టు పెట్టిన ఏడాదే ఒక మర్ఫీ రేడియో కొన్నారు. మిషను అప్పు తీరకముందే రేడియో అప్పు మొదలైంది. మా అమ్మ ఈ సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఆ రోజుల్లో రేడియో కొంటే సరిపోయేది కాదు. దానికో లైసెన్సు పుస్తకం! ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి 15 రూపాయలు కట్టి స్టాంపు వేయించుకోవాలి. పాట వినడానికి కూడా సర్కారు అనుమతి కావాలన్నమాట. 1980ల్లో ఆ లైసెన్సులు ఎత్తేశారు గానీ, మా నాన్నగారు ఆ పుస్తకం పారెయ్యలేదు. బటన్ల డబ్బాలో ఇంకా వుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ కొట్టులో పెరిగిన ఈ వ్యాసకర్త తర్వాత కొన్నాళ్ళు రేడియోలో ఉద్యోగం చేశాడు. అక్కడ మా నాన్నగారి విషయంలో ఒక తప్పు చేశాడు. ఆ సంగతి దగ్గరికి రావాలంటే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా నాన్నగారికి కత్తెర పట్టడం నేర్పిన మేస్త్రీ ఒకాయన వుండేవారు. ఆయన దగ్గర పాతకాలపు రేడియో కబుర్లు బోలెడు. ఆ కబుర్లలో విలన్ ఒక కేంద్ర మంత్రి! పేరు బి.వి. కేస్కర్. 1952లో సమాచార, ప్రసార శాఖ చేపట్టిన పెద్దమనిషి. శాస్త్రీయ సంగీతం మీద ఆయనకున్న భక్తిని ఎవరూ కాదనలేరు. సినిమా పాట మీద మాత్రం చిన్నచూపు. ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర పడింది. పాట వేసినా సినిమా పేరు చెప్పకూడదన్నారు... అది ప్రకటన అవుతుందట! నిర్మాతలకు ఒళ్ళు మండి, మా పాటలే వెయ్యొద్దు పొమ్మన్నారు.

జనం ఏం చేశారు? శాస్త్రీయ సంగీతం విన్నారా? అబ్బే! ముల్లు తిప్పి సముద్రం అవతలికి పోయారు. కొలంబోలో రేడియో సిలోన్ కాచుక్కూచుంది. 1952 డిసెంబరులో అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా' మొదలుపెట్టాడు. బుధవారం రాత్రి ఎనిమిదయ్యేసరికి దేశమంతా ఆ గొంతుకి చెవి ఒగ్గింది. మన తెలుగువాళ్ళకి అదే సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు! ఆమె తెలుగు మాటలో ఒక వింత యాస వుండేదనీ, ఆ యాస కోసమే వినేవాళ్ళమనీ మా నాన్నగారు అంటారు. షార్ట్‌వేవ్ కాబట్టి పాట అలలాగా దగ్గరికొచ్చి దూరంగా పోయేదట. పల్లవి వినిపించి చరణం మాయమయ్యేది. "ఆ మాయమైన ముక్క మేమే పాడుకునేవాళ్ళంరా" అంటారాయన.

చివరికి ఢిల్లీ వారు మెత్తబడ్డారు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టింది. 1967 నవంబరులో బొంబాయి, పుణె, నాగపూర్‌లలో దాని మీద వ్యాపార ప్రకటనలు కూడా మొదలయ్యాయి. అంటే శ్రోతలు పోయాక పదిహేనేళ్ళకు సర్కారుకి సినిమా పాటలోనూ రాబడి కనిపించింది!

అలాగని ఆకాశవాణిని తక్కువ చేసి మాట్లాడితే కళ్ళు పోతాయి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం మా ప్రాంతానికి గడియారం లాంటిది. పొద్దున్నే భక్తిరంజని వస్తే వాకిట్లో ముగ్గు పడ్డట్టే. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పనిచేసిన చోటది. సినిమా పాటకు పోటీగా లలిత సంగీతం అని ఒకటి పెట్టినప్పుడు, ఆ పేరుతో మంచి పాటలు నిజంగానే పుట్టాయి. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారు రామాయణం చెబుతుంటే కొట్టుకొచ్చిన బేరగాడు కూడా కొలతలివ్వడం మర్చిపోయి నిలబడేవాడు. ఇక సంక్షిప్త శబ్దచిత్రం! మూడు గంటల సినిమాని గంటలోకి కుదించి, మాటలూ పాటలూ వినిపించేవారు. టిక్కెట్టు కొనలేని వాళ్ళకి అదే సినిమా. అన్నట్టు, మా తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టిన జగ్గయ్య గారు సినిమాల్లోకి రాకముందు ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివారు. ఈ ముక్క మా కొట్టుకొచ్చిన ప్రతి కొత్త బేరానికీ చెప్పందే మా నాన్నగారు టేపు తీసేవారు కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, కోరిన పాటల కార్యక్రమం ఒక ఎత్తు. పాట కంటే ముందు పేర్లు చదివేవారు చూడండీ, అదీ అసలు రుచి! ఫలానా వూరి నుంచి ఫలానా వారు, వారి మిత్రబృందం, ఇంకో వూరి నుంచి అక్కాచెల్లెళ్ళు... ఆ పేర్ల చిట్టా పాటంత పొడుగుండేది. మా నాన్నగారు నెలకు రెండు మూడు కార్డులు రాసేవారు. కొట్టు పేరుతోనే. ఒకసారి ఆ పేరు రేడియోలో వచ్చిందట. ఆ వారం కొట్టుకొచ్చిన వాళ్ళలో సగం మంది బట్టలు కుట్టించుకోడానికి కాదు, పలకరించి పోడానికి వచ్చారట.

తర్వాత టీవీ వచ్చింది, కేబుల్ వచ్చింది, రేడియో మూల పడింది. ఆ కథ మీకూ తెలుసు, నేను వర్ణించక్కర్లేదు.

1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. ఆకాశంలో తిరిగే తరంగాలు సర్కారు సొత్తు కాదు, ప్రజల సొత్తు అని. దాని వెనకాలే ప్రైవేటు ఎఫ్.ఎం.లకు దారి పడింది. 2001 జూలైలో బెంగుళూరులో మొదటి స్టేషన్ పలికింది. ఆ తొలి విడతలో లైసెన్సు ఫీజు ఏటా నూటికి పదిహేను చొప్పున పెరిగేట్టు పెట్టారు. వచ్చే ప్రకటనలు ఆ ఫీజుకే చాలక చాలామంది చేతులెత్తేశారు. 2005లో లెక్క మార్చారు: ముందు ఒకసారి ప్రవేశ రుసుం కట్టు, తర్వాత రాబడిలో నూటికి నాలుగు ఇవ్వు. అప్పుడు చూడాలి జోరు! 2006లో హైదరాబాదులో రేడియో సిటీ, రేడియో మిర్చి వచ్చాయి. ఆ తర్వాత కోస్తా పట్టణాలకూ పాకింది.

అలా పాకిన వాటిలో ఒకదాంట్లో 2008లో నేను చేరాను. బి.కాం. అప్పుడే అయింది. స్టేషన్ పేరు అడక్కండి. తెనాలిలో మా నాన్నగారి కొట్టు దాకా స్పష్టంగా వినిపించేదనీ, పొన్నూరు దాటి బాపట్ల వైపు పోతుంటే గరగరలాడేదనీ మాత్రం చెప్పగలను.

నాకిచ్చింది రాత్రి పది నుంచి పన్నెండు. పాత పాటలు. ఆ టైములో ప్రకటనలు రావు కాబట్టి కొత్త కుర్రాడి చేతిలో పెట్టారన్నమాట. నేను మాత్రం సింహాసనం ఎక్కినట్టే అనుకున్నాను! ఘంటసాల, సుశీల, పి.బి. శ్రీనివాస్, జిక్కీ, లీల... రెండు గంటలు నావి. లారీ డ్రైవర్లు ఫోన్ చేసేవారు. ఏటీఎం దగ్గర కాపలా కూచున్న తాతలు చేసేవారు. ఒకావిడ రోజూ ఫోన్ చేసి పాట అడక్కుండా, "బాగుంది బాబూ" అని పెట్టేసేది. పేరు కూడా చెప్పేది కాదు.

పగటి పూట నేను ఆఫీసులో కూచుని ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో నేర్చుకున్నాను. సినిమా పాటల ప్రియులు తెలుసుకోదగ్గ సంగతులే, చెబుతాను.

ఎఫ్.ఎం.లో పాటని ఆర్.జె. ఎంచుకుంటాడనుకుంటారు మీరు. కాదు. పాటలో బాగా తెలిసిన ముక్క, ఎనిమిదో పదో సెకన్లు, కత్తిరించి పెట్టుకుంటారు. ఫోన్ చేసి జనానికి ఆ ముక్కలు వరసగా వినిపిస్తారు. ఈ పాట తెలుసా, నచ్చిందా, విని విని విసుగొచ్చిందా... ఇంతే ప్రశ్నలు. ఆ జవాబుల్ని బట్టి పాటలకు తరగతులు. మొదటి తరగతి పాట మా దగ్గర మూడు గంటలకోసారి మోగాల్సిందే. రెండో తరగతిది పూటకోసారి. మిగతా పాటలకు మొహం చూపించే యోగం ఎప్పుడో గాని వుండదు. వరస అంతా కంప్యూటరే వేసి ఇస్తుంది. ఆర్.జె. మధ్యలో మాట్లాడతాడు. అంతే.

మరి ఎవరికి ఫోన్ చేస్తారు? ఇక్కడుంది కిటుకు! వినేవాళ్ళకి కాదు, కొనేవాళ్ళకి. పద్దెనిమిది నుంచి ముప్ఫై నాలుగేళ్ళ లోపు వాళ్ళకి. రేడియో వినడానికి ఎవరూ డబ్బివ్వరు కదా. ఇచ్చేది చీరల కొట్టు, బంగారం కొట్టు, ఇంటర్మీడియెట్ కాలేజీ. పది సెకన్లకు ఇంత అని రేటు. 2007లో శ్రోతల్ని లెక్కపెట్టే సర్వే ఒకటి మొదలైంది గానీ అది బొంబాయి, ఢిల్లీ, బెంగుళూరు లాంటి మహానగరాలకే. మా వూరి దాకా రాలేదు. మా వూళ్ళో సర్వే అంటే చీరల కొట్టు యజమాని గారి అబ్బాయే. ఆయన కారులో వెళ్తూ విన్న పాట ఆయనకి నచ్చకపోతే సాయంత్రానికి మా సేల్స్ వాళ్ళకి ఫోన్ వచ్చేది.

ఇంకో మాట. మేం వార్తలు చెప్పకూడదు. నిబంధన. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ కనిపించకుండా పోయింది. ఫోన్లు ఆగలేదు. బాబూ ఏమైంది, తెలిసిందా అని. మైకు ముందు కూచుని, టీవీలో అంతా చూస్తూ, నోరెత్తకుండా మెత్తటి పాటలు వేసుకుంటూ పోయాం. ఆ రాత్రి మా నాన్నగారు చాలా రోజుల తర్వాత ముల్లు ఆకాశవాణికి తిప్పారు. "ఇల్లు కాలుతుంటే నీ రేడియో ఏంట్రా, వీణ వాయిస్తుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

2011లో మా స్టేషన్‌కి పాటల వ్యవహారం చూడ్డానికి పై ఆఫీసు నుంచి ఒకాయన దిగాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, అంతే. కొత్త ఫార్మాట్ అన్నాడు. 2000 తర్వాత వచ్చిన పాటలే. మొత్తం మూడొందలు. ఇరవై నాలుగు గంటలూ అవే తిరగాలి. రాత్రి కార్యక్రమం?

"బాస్, యాభై దాటినాయన సబ్బు మారుస్తాడా? సెల్‌ఫోన్ మారుస్తాడా? మార్చడు. మరి ఆయన కోసం మనం పాటెందుకు వెయ్యాలి?" అన్నాడు.

నేను వినేవాళ్ళ గురించి చెప్పబోయాను. ఆయన లెక్క తీసి చూపించాడు. నా రెండు గంటలకి వచ్చిన ప్రకటనలు రెండే. మోకాళ్ళ నొప్పుల నూనె ఒకటి, చిట్‌ఫండ్ కంపెనీ ఒకటి. ఆయన్ని రాక్షసుడిగా చూపిస్తే కథ రక్తి కడుతుంది గానీ అది అన్యాయం. ఆయన చూపించిన కాగితం అబద్ధం కాదు. స్టేషన్ నడవాలి, మా జీతాలు రావాలి, పాటల కంపెనీలకు రాయల్టీ కట్టాలి. 2010 ఆగస్టులోనే కాపీరైట్ బోర్డు ఎఫ్.ఎం.లు నికర ప్రకటనల ఆదాయంలో నూటికి రెండు కడితే చాలని తేల్చింది. అంతకుముందు ఆ గొడవ మీద సంవత్సరాల తరబడి కోర్టులు.

నేను రాజీనామా చేశానా? లేదు. జీతం మూడు వేలు పెంచారు. పగటికి మారాను. 'హాయ్ హలో' నేర్చుకున్నాను. సగం ఇంగ్లీషు, సగం నవ్వు. రోజూ ఫోన్ చేసే ఆ పేరు చెప్పని ఆవిడ పగలు ఒకసారి చేసింది. రాత్రి ఎందుకు రావట్లేదు బాబూ అని అడిగింది. కార్యక్రమం ఆగిపోయిందండీ అన్నాను. "అట్లాగా" అంది. మళ్ళీ చెయ్యలేదు.

అప్పుడప్పుడు నాకొక వింత తోస్తుంది. కేస్కర్ గారు పాట గొప్పది కాదు కాబట్టి వద్దన్నారు. మా కొత్తాయన శ్రోత కొనుగోలుదారు కాదు కాబట్టి వద్దన్నాడు. ఇద్దరి దగ్గరా కాగితం మీద సాక్ష్యం వుంది. మా నాన్నగారు మాత్రం రెండుసార్లూ లెక్కలోకి రాలేదు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే, 2008 అక్టోబరులో, మెదక్ జిల్లా మాచనూరులో దళిత స్త్రీలు సంఘం రేడియో పెట్టుకున్నారు. వాళ్ళకి ఈ బాధే లేదు. మాట్లాడేదీ వాళ్ళే, వినేదీ వాళ్ళే. ఆ సంగతి అప్పుడు పేపర్లో చదివి మా ఆఫీసులో నవ్వుకున్నాం. ఆ నవ్విన వాళ్ళలో నేనూ వున్నాను.

2012 వేసవిలో ఉద్యోగం మానేశాను. పత్రికలకు రాసుకుందామని. చివరి రోజు రిసెప్షన్‌లో కూచునే అక్క ఒక ప్లాస్టిక్ సంచి ఇచ్చింది. "నీ ప్రోగ్రాంకి వచ్చిన వుత్తరాలు తమ్ముడూ. పారేద్దామంటే మనసొప్పలేదు" అంది. మాకు ఎస్సెమ్మెస్‌లు, ఫోన్లు లెక్క. కార్డులు రాసేవాళ్ళు కూడా వుంటారని ఎవరూ అనుకోలేదు. నేనూ అడగలేదు.

బస్సులో సంచి విప్పాను. ముప్ఫై నలభై కార్డులుంటాయి. వాటిలో మూడింటి మీద అక్షరాలు నాకు తెలుసు. కొలతల పుస్తకంలో ఛాతీ, నడుము, పొడుగు అని రాసే అక్షరాలు.

"గౌరవనీయులైన ప్రయోక్త గారికి" అని మొదలు. ఘంటసాల, సుశీల కలిసి పాడిన ఒక పాట. కింద కొట్టు పేరు, తెనాలి. నా పేరు లేదు, ఆయన పేరూ లేదు. యాభై పైసల కార్డులు. మొదటి దాని మీద 2009 నాటి పోస్టు ముద్ర. మూడో దాని మీద 2011. అంటే మూడేళ్ళు ఆయన రోజూ రాత్రి పన్నెండు దాకా మేలుకుని, నా నోటి వెంట కొట్టు పేరు వస్తుందేమోనని విన్నారు. పొద్దున నేను ఫోన్ చేస్తే, "బాగా మాట్లాడావురా" అనేవారు. అంతే.

ఇంటికెళ్ళి కార్డులు ఆయన ముందు పెట్టాను. నాకు చెబితే ఆ రాత్రే వేసేవాణ్ణి కదా నాన్నా అన్నాను. అన్నానా, గొంతు పూడుకుపోయి సరిగా రాలేదు కూడా.

ఆయన కళ్ళజోడు పైకెత్తి కార్డులు చూసి, మళ్ళీ మిషను వైపు తిరిగారు. "నా కొడుకువని నువ్వు వేస్తే అది సిఫార్సురా. కార్డు చదివి వేస్తే రేడియో" అన్నారు. తర్వాత, "పోన్లే, అందాయిగా" అన్నారు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఏ కుర్రాళ్ళ కోసం పాత పాటల్ని పంపేశారో, ఆ కుర్రాళ్ళు ఫోన్లలోకి పోయారు. వాళ్ళకి కావలసిన పాట వాళ్ళ జేబులోనే వుంది. ఉత్తరాదిన కొన్ని ఎఫ్.ఎం.లు 2010ల్లోనే పాత పాటల దారికి మళ్ళాయి. సినిమా నటుడు అన్నూ కపూర్ గారు పాత సినిమాల కబుర్లు చెబితే జనం చక్కగా విన్నారు. నా నూనె ప్రకటన, చిట్‌ఫండ్ ప్రకటన గుర్తొచ్చి నాకు కాస్త కక్షగా కూడా అనిపించింది, దాచుకోవడం ఎందుకు!

మా కొట్టూ మారింది. రెడీమేడ్లు వచ్చాక కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు తగ్గారు. ఇప్పుడు ఎక్కువగా ఫ్యాంట్లు పొడుగు తగ్గించడం, జిప్పులు మార్చడం. మర్ఫీ ఎప్పుడో మూగపోయింది. 2017లో సరెగమ వాళ్ళు కారవాన్ అని ఒక పెట్టె తెచ్చారు కదా, చూడ్డానికి పాత రేడియోలా వుండి లోపల వేల పాటలుండేది. దాని తెలుగు పెట్టె వచ్చాక మా అక్క ఒకటి కొనిచ్చింది. ఘంటసాల బొత్తాం నొక్కితే ఘంటసాల, సుశీల బొత్తాం నొక్కితే సుశీల. ప్రకటనల్లేవు, గరగర లేదు.

నాన్నగారు వారం రోజులు విన్నారు. తర్వాత ఒక రోజు నేను వెళ్ళేసరికి ఆ పెట్టెలోంచి విజయవాడ రెయిన్‌బో కృష్ణవేణి వస్తోంది. ఆ పెట్టెకి ఎఫ్.ఎం. బొత్తాం కూడా వుందట, ఆయనే కనిపెట్టారు.

"అన్ని పాటలుంటే ఇదెందుకు నాన్నా?" అన్నాను.

"అందులో అన్నీ నేను పెట్టుకున్నవేరా. ఎవడో అడిగిన పాట మనం వినాలి" అన్నారు.

అనౌన్సర్ గారు ఫోన్ నంబరు చెబుతున్నారు. నాన్నగారు కత్తెర పక్కన పెట్టి తన ఫోన్ తీశారు. ఎంగేజ్. మళ్ళీ చేశారు. ఎంగేజ్. నా వైపు చూసి, "నీ దాంట్లోంచి చెయ్యి. దొరికితే కొట్టు పేరు చెప్పు, నీ పేరు చెప్పమాక" అన్నారు.